సోర్స్ ఫైళ్లను ప్రోగ్రాముతోనే రాయించడం ఎలా? తెలుగు అక్షర పట్టిక ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

"పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాను. అది హెడర్ ఫైలును తయారుచేస్తోంది. నా కంప్యూటర్‌లో అంతా సవ్యంగానే ఉంది. పక్క సీటువాళ్లు బిల్డ్ చేస్తే మాత్రం ఆగిపోతోంది." ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నాకు తరచూ వస్తుంది. స్క్రిప్టు రాయడం అరపూట పని. అది రాసిన ఫైలు నలుగురు పనిచేసే ప్రాజెక్టులో గొడవ చేయకుండా బతకడం అసలు పని. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ రెండో పని గురించే.

ఉదాహరణగా మనకు బాగా తెలిసిన వస్తువునే తీసుకుందాం. యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు (ఇవి పదహారు ఆధారంగా రాసే సంఖ్యలు) 128 స్థానాలు కేటాయించారు. అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, అంకె... వీటిలో ఒక్కో స్థానంలో ఉన్నది ఏ జాతిదో చెప్పే 128 బైట్ల సీ పట్టిక మనకు కావాలి. కర్సరు అక్షరం నడుమ ఆగకుండా చూడాలన్నా, పదంలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కించాలన్నా, గళ్ల నుడికట్టు ఆట రాయాలన్నా ముందు కావలసింది ఇదే.

జనరేటర్ (అంటే సోర్స్ ఫైలును రాసే స్క్రిప్టు) పైథాన్‌లో, ఫలితం సీ హెడర్‌గా, బిల్డ్ సీమేక్ లేదా మేక్ అనే బిల్డ్ పనిముట్లతో అనుకుందాం. మీ భాషలు వేరైనా పని వరుస మారదు.

1. అసలు జనరేటర్ అవసరమా?

128 గళ్ల పట్టికను చేత్తోనే రాయవచ్చు కదా అనిపిస్తుంది. రాయవచ్చు. 2013లో రాసి ఉంటే ఏమయ్యేదో చూడండి. 2014లో యూనికోడ్ 7.0 తో ఴ వచ్చింది. 2015లో 8.0 తో ౚ వచ్చింది. 2018లో 11.0 తో ఒక అనుస్వార గుర్తు, 2019లో 12.0 తో సిద్ధం గుర్తు, 2021లో 14.0 తో నుక్తా, నకారపొల్లు చేరాయి. అన్నిసార్లు ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని ఆ ఫైలు తెరిచి, సరైన గడి లెక్కపెట్టి మార్చాలి. ఎవరూ మార్చరు.

నేను పాటించే పరీక్ష ఒక్కటే: ఈ సమాచారం ఇంకెక్కడైనా, యంత్రం చదవగల రూపంలో, మరొకరి సంరక్షణలో ఉందా? ఉంటే జనరేటర్ రాయండి. ఆ సమాచారం మీ బుర్రలో మాత్రమే ఉంటే పట్టికను చేత్తో రాయండి. దాన్ని ముందు ఒక యామల్ ఫైలులో (డేటా రాసుకునే టెక్స్ట్ ఫైలులో) పెట్టి, అక్కడి నుంచి కోడ్ పుట్టించడం రెండు సంసారాలు నడపడమే.

ఇంకొక్క విషయం. జెనరిక్స్, మాక్రోలు, ప్రోగ్రాము మొదలైనప్పుడు డేటా ఫైలు చదువుకోవడం... ఇలా భాషలోనే సులువైన దారి ఉంటే అదే పట్టండి. కోడ్ రాసే కోడ్ చివరి దారి.

2. ఇన్‌పుట్ ఫైలు ఎంపిక

తొందరపడితే ఇక్కడే బోల్తా పడతారు. యూనికోడ్ అక్షరాల సమాచారం అనగానే అందరికీ గుర్తొచ్చేది యూనికోడ్‌డేటా అనే టెక్స్ట్ ఫైలు. అందులో ఒక్కో వరుసలో సెమికోలన్లతో విడదీసిన 15 గళ్లు ఉంటాయి. మూడో గడి అక్షరం వర్గం చెబుతుంది. సమస్య ఏమిటంటే అ కూ క కూ అక్కడ ఒకే వర్గం: ఎల్ఓ, అంటే "ఇతర అక్షరం". అచ్చుకూ హల్లుకూ తేడా ఆ ఫైలుకు తెలియదు.

గుణింతపు గుర్తుల సంగతి ఇంకా చిత్రం. ా, ి, ీ గుర్తులు ఎమ్ఎన్ (విడిగా చోటు తీసుకోని గుర్తు) వర్గంలో ఉంటే ు, ూ గుర్తులు ఎమ్‌సీ (చోటు తీసుకునే గుర్తు) వర్గంలో ఉన్నాయి. "ఎమ్‌సీ అంటే గుణింతం" అని ఊహించి రాసిన జనరేటర్ సగం గుణింతాన్ని వదిలేస్తుంది. పొల్లు గుర్తు కూడా ఎమ్ఎన్ వర్గమే కాబట్టి ఆ రెండు వర్గాలనూ కలిపినా చిక్కు వీడదు.

మనకు కావలసింది ఇండిక్‌సిలబిక్‌కేటగిరీ అనే మరో ఫైలు. అందులో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, విరామ (పొల్లు), బిందు (సున్న), విసర్గ, అవగ్రహ, అంకె అన్నీ వేర్వేరు విలువలు. క నుంచి న వరకు, అంటే 0సీ15 నుంచి 0సీ28 దాకా 20 హల్లులు ఒకే వరుసలో ఒకే వ్యవధిగా రాసి ఉంటాయి.

ఇందులోంచి పాఠం సూటిగానే ఉంది: జనరేటర్ రాయకముందు ఇన్‌పుట్ ఫైలును కళ్లతో చదవండి. కనీసం మీకు సంబంధించిన భాగమైనా మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా.

ఇన్‌పుట్ సరిచూసుకునే జాబితా:

- ఫైలు ఏ వెర్షన్‌దో రాసి పెట్టుకున్నారా? ఇండిక్‌సిలబిక్‌కేటగిరీ మొదటి వరుసలో వెర్షన్ సంఖ్య ఉంటుంది. యూనికోడ్‌డేటాలో అలాంటి వరుసే ఉండదు, కాబట్టి ఫోల్డర్ పేరులోనే వెర్షన్ పెట్టండి.
- ఫైలును రిపాజిటరీలో (గిట్ వంటిది కోడ్ చరిత్రను దాచే చోట) ఉంచారా? బిల్డ్ జరిగేటప్పుడు ఇంటర్నెట్ నుంచి దించుకునే ఏర్పాటు వద్దు. అందులోనూ "తాజా వెర్షన్" అనే ఫోల్డర్ నుంచి అసలే వద్దు. నిన్నటి కమిట్ (రిపాజిటరీలో నమోదైన మార్పు) ఈ రోజు వేరే ఫలితం ఇస్తే తప్పు ఎక్కడుందో వెతకలేరు.
- ఆ ఫైలుతో వచ్చే లైసెన్సు పాఠాన్ని పక్కనే ఉంచారా?

3. ఏది ఎక్కడ ఉండాలి

మూడు ఫోల్డర్లు చాలు. ఇన్‌పుట్ డేటాకు ఒకటి, జనరేటర్ స్క్రిప్టుకు ఒకటి, తయారైన ఫైళ్లకు ఒకటి. మూడో ఫోల్డర్‌లో చేత్తో రాసిన ఫైలు ఒక్కటి కూడా ఉండకూడదు. ఈ గిరి గీస్తే తరువాతి తలనొప్పులు చాలావరకు తగ్గుతాయి. శుభ్రం చేయడం, ఫార్మాటర్‌ను దూరంగా ఉంచడం, సమీక్షలో దాచడం అన్నీ ఫోల్డర్ పేరుతోనే అయిపోతాయి.

తయారైన ఫైలును కమిట్ చేయాలా, వద్దా? దీని మీద వాదనలు అనంతం. నా తీర్పు ఇది:

- మీ ప్రాజెక్టు ఇతరులు తెచ్చుకుని వాడే లైబ్రరీ అయితే కమిట్ చేయండి. వాడేవాళ్ల దగ్గర పైథాన్ ఉండాలని అడిగే హక్కు మనకు లేదు. సీపైథాన్ (పైథాన్ భాషను నడిపే అసలు ప్రోగ్రాము) ప్రాజెక్టు కూడా తన యూనికోడ్ పట్టికలను ఒక స్క్రిప్టుతో పుట్టించి రిపాజిటరీలోనే ఉంచుతుంది.
- గో భాషలో అయితే కమిట్ చేయడమే ఆచారం. గో జనరేట్ ఆదేశాన్ని గో బిల్డ్ తనంతట తాను నడపదు, మనమే నడపాలి.
- సొంత బృందమే బిల్డ్ చేసే అప్లికేషన్ అయితే, జనరేటర్ వేగంగా నడిస్తే, కమిట్ చేయకుండా బిల్డ్ ఫోల్డర్‌లోనే పుట్టించండి.

రెండింటినీ కలపవద్దు. కమిట్ చేసిన కాపీ ఒకటి, బిల్డ్ ఫోల్డర్‌లో మరొకటి ఉంటే కంపైలర్ ఏది తీసుకుంటుందో హెడర్లు వెతికే దారుల వరుస తేలుస్తుంది. ఆ వరుస మీకు గుర్తుండదు.

4. ముందు ఫలితాన్ని చేత్తో రాయండి

జనరేటర్ మొదలుపెట్టే ముందు, అది పుట్టించాల్సిన ఫైలును చిన్న రూపంలో మీరే రాయండి. పది గళ్లు చాలు: అ, ఆ, క, ఖ, ా, ్, ం, ః, ౦, ఒక ఖాళీ స్థానం. దాన్ని కంపైల్ చేయండి. దాన్ని వాడే ఫంక్షన్ రాసి "అక్క" అనే పదం మీద నడపండి. రెండు అక్షరాలని వచ్చిందా? వస్తే పట్టిక రూపం సరైనదే.

ఈ మెట్టు దాటవేసినవాళ్లు రెండు ప్రోగ్రాములను ఒకేసారి సరిచేయాల్సి వస్తుంది. తప్పు జనరేటర్‌లో ఉందో, అది రాసిన కోడ్‌లో ఉందో తెలియక సాయంత్రాలు పోతాయి. చేత్తో రాసిన నమూనా చేతిలో ఉంటే, జనరేటర్ పని ఆ నమూనాను అచ్చంగా తిరిగి రాయడమే.

5. జనరేటర్ రాయడం

మూడు భాగాలుగా విడదీయండి: చదవడం, మధ్యలో సాదా రూపం కట్టడం, రాయడం. చదివే భాగానికి సీ భాష గురించి తెలియకూడదు. రాసే భాగానికి ఇన్‌పుట్ ఫైలు రూపం తెలియకూడదు. రేపు ఇదే పట్టిక జావాస్క్రిప్ట్‌లోనూ కావాలంటే చివరి భాగం ఒక్కటే మళ్లీ రాస్తారు.

చదివే వరుస ఇలా ఉంటుంది:

1. హ్యాష్ గుర్తు తరువాత ఉన్నదంతా వ్యాఖ్య, తీసేయండి. ఖాళీ వరుస మిగిలితే వదిలేయండి.
2. సెమికోలన్ దగ్గర రెండుగా చీల్చి, రెండు వైపులా ఖాళీలు కత్తిరించండి.
3. ఎడమ భాగంలో రెండు చుక్కలు ఉంటే అది వ్యవధి, లేకపోతే ఒకే అక్షరం. సంఖ్యలు పదహారు ఆధారంగా ఉంటాయి.
4. 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ లోపల పడనివి వదిలేయండి.
5. కుడి భాగంలోని జాతి పేరును మీ జాబితాలో వెతకండి. లేకపోతే అక్కడికక్కడే ఆగిపోండి, వరుస సంఖ్యతో సహా తప్పు చూపండి.

ఒక మెలిక ఉంది. ఫైలులో కనిపించని స్థానాలకు ఏ విలువ ఇవ్వాలో ఆ ఫైలే చెబుతుంది, కానీ "మిస్సింగ్" అని గుర్తు పెట్టిన ఒక వ్యాఖ్య వరుసలో. మనం వ్యాఖ్యలన్నీ పారేస్తున్నాం కదా! కాబట్టి పట్టికను మొదట "ఇతరం" అనే విలువతో పూర్తిగా నింపి, ఆ తరువాతే వరుసలు చదవండి. 0సీ0డీ, 0సీ11, 0సీ29 వంటి ఖాళీ స్థానాలకు అదే సరైన జవాబు.

అయిదో మెట్టు మీద కొంచెం ఆగుతాను. తెలియని విలువ వస్తే "సరేలే, ఇతరం అనుకుందాం" అని వదిలేసే జనరేటర్లు చాలా చూశాను. 2021లో ఏం జరిగిందో చూడండి. నకారపొల్లు ౝ వచ్చింది. దాని జాతి మామూలు హల్లు కాదు, "మృత హల్లు" అనే మరో విలువ. నుక్తాకు ఇంకో విలువ. అప్పటిదాకా తెలుగు స్థానాల్లో ఈ రెండూ లేవు. గట్టిగా ఆగిపోయే జనరేటర్ ఆ రోజే చెబుతుంది. మౌనంగా వదిలేసేది చెప్పదు, శాసనాల పాఠం ఎక్కించేవాళ్లెవరో ఏడాది తరువాత ఫిర్యాదు చేస్తారు.

రాసే భాగానికి టెంప్లేటు కావాలా? ఇంత చిన్న ఫైలుకు వద్దు, వరుసల జాబితా కట్టి కలిపితే చాలు. ఫైలులో మారని పాఠం ఎక్కువై, మారే ముక్కలు అక్కడక్కడా ఉంటే అప్పుడు జింజా వంటి టెంప్లేటు పనిముట్టు వాడండి. టెంప్లేటులో షరతులు, లూపులు మూడు మెట్ల లోతుకు వెళితే ఆ తర్కాన్ని మధ్య భాగంలోకి లాగేయండి.

ఇక ఉల్లేఖన చిహ్నాల మధ్య పాఠం రాసే పని పడితే జాగ్రత్త. వెనుకగీత (బ్యాక్‌స్లాష్), ఉల్లేఖన చిహ్నం తప్పించడం అందరికీ గుర్తుంటుంది. సీ భాషలో మరో గుంట ఉంది. క అక్షరం యూటీఎఫ్-8 రూపం ఈ0, బీ0, 95 అనే మూడు బైట్లు. దాన్ని పదహారు ఆధారపు గుర్తులుగా రాసి, వెంటనే ఇంగ్లిష్ అక్షరం "ఏ" వస్తే, సీ కంపైలర్ దాన్నీ చివరి సంఖ్యలో భాగమనుకుంటుంది. ఆ గుర్తుకు అంకెల పరిమితి లేదు మరి. మందు: మూడంకెల ఎనిమిది ఆధారపు గుర్తులు వాడండి, అవి మూడు అంకెల దగ్గర ఆగిపోతాయి. లేదా వాక్యాన్ని అక్కడ రెండు ముక్కలు చేయండి.

6. ఎన్నిసార్లు నడిపినా అవే బైట్లు రావాలి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదువుతానంటే ఇదే చదవండి. ఇన్‌పుట్ మారకపోతే ఫలితంలో ఒక్క బైటు కూడా మారకూడదు. మారితే ప్రతి కమిట్‌లో అర్థం లేని తేడాలు, ప్రతి మెర్జ్‌లో ఘర్షణలు. రెండు నెలల్లో బృందం ఆ ఫైలు తేడాలు చూడడమే మానేస్తుంది. అసలు తప్పు దూరేది అప్పుడే.

తేడాలు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం.

తేదీ, సమయం. "ఫలానా రోజు తయారైంది" అని తలపై రాయాలని అందరికీ ముచ్చట. వద్దు. ఇన్‌పుట్ వెర్షన్ రాయండి, అది చాలు. తేదీ తప్పనిసరి అయితే, సోర్స్ డేట్ ఎపాక్ అనే పర్యావరణ చరం (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) నుంచి తీసుకోండి. ఎప్పుడు కట్టినా అవే బైట్లు వచ్చే బిల్డ్‌ల కోసం ఏర్పడిన వాడుక అది.

వరుస క్రమం. పైథాన్‌లో పదాల సెట్ మీద లూపు తిప్పితే క్రమం ఒక్కో నడకలో ఒక్కో రకంగా వస్తుంది. 3.3 వెర్షన్ నుంచి పదాల హ్యాష్‌ను కావాలనే కలగాపులగం చేస్తున్నారు. డిక్షనరీలు చేర్చిన క్రమాన్ని నిలుపుతాయన్న హామీ 3.7 నుంచి ఉంది, సెట్లకు లేదు. గో భాషలో మ్యాప్ క్రమం కూడా నమ్మదగింది కాదు. ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా ఏ క్రమంలో వస్తుందో ఫైల్ సిస్టమ్ ఇష్టం. మందు ఒకటే: రాసే ముందు అన్నింటినీ సార్ట్ చేయండి.

దారి పేరు. మీ హోమ్ ఫోల్డర్ పూర్తి దారి, యూజర్ పేరు ఫైలులోకి చేరకూడదు. ప్రాజెక్టు మూలం నుంచి సాపేక్ష దారి రాయండి.

వరుస చివర, ఎన్‌కోడింగ్. విండోస్‌లో పైథాన్ టెక్స్ట్ ఫైలు రాస్తే వరుస చివర రెండు బైట్లు పడతాయి, లినక్స్‌లో ఒక్కటే. ఫైలు తెరిచేటప్పుడే వరుస చివర ఏమిటో, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అనీ స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే విండోస్‌లో ఆ యంత్రం స్థానిక ఎన్‌కోడింగ్ పడి, వ్యాఖ్యలోని తెలుగు అక్షరం దగ్గరే స్క్రిప్టు కుప్పకూలవచ్చు.

పరీక్ష సులువు. ప్రాజెక్టును రెండు వేర్వేరు ఫోల్డర్లలోకి తెచ్చుకోండి. రెండు చోట్లా జనరేటర్ నడపండి. రెండు ఫలితాల షా-256 సంకేతాలు (ఫైలు బైట్ల నుంచి లెక్కకట్టే గుర్తింపు సంఖ్యలు) పోల్చండి. వీలైతే ఒకటి లినక్స్‌లో, ఒకటి విండోస్‌లో.

7. తలపై హెచ్చరిక

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫైలులో చిన్న తప్పు కనిపిస్తే సరిచేసి కమిట్ చేశాను. సమీక్షలోనూ దాటిపోయింది. మూడు వారాల తరువాత ఎవరో జనరేటర్ నడిపారు, నా సవరణ మాయమైంది, పాత తప్పు కస్టమర్ దగ్గర మళ్లీ తేలింది. ఆ ఫైలు తయారైనదని చెప్పే ముక్క అందులో ఎక్కడా లేదు.

ఫైలు మొదటి వరుసల్లో నాలుగు విషయాలు ఉండాలి:

- ఇది యంత్రం రాసిన ఫైలు, చేత్తో మార్చవద్దు
- ఏ స్క్రిప్టు రాసింది
- ఏ ఇన్‌పుట్ నుంచి, ఏ వెర్షన్
- మళ్లీ తయారుచేయడానికి ఏ ఆదేశం నడపాలి

నాలుగోది చాలామంది మరచిపోతారు. "మార్చవద్దు" అని మాత్రం రాసి, మరి ఎలా మార్చాలో చెప్పకపోతే జనం మార్చే తీరుతారు.

గో భాషలో ఈ హెచ్చరికకు నిర్ణీత రూపం ఉంది. "కోడ్ జనరేటెడ్" తో మొదలై "డు నాట్ ఎడిట్" తో, చివర చుక్కతో ముగిసే ఒకే వ్యాఖ్య వరుస. చుక్క లేకపోయినా పనిముట్లు గుర్తించవు. గిట్‌హబ్‌లో అయితే గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలులో ఆ ఫోల్డర్‌కు లింగ్విస్ట్ జనరేటెడ్ అనే గుర్తు పెట్టండి. సమీక్షలో ఆ తేడాలు మడిచి కనిపిస్తాయి.

8. డిస్కు మీద రాసే తీరు

ముందు మొత్తం పాఠాన్ని మెమరీలో కట్టండి. తప్పేమీ రాకపోతేనే పక్కన తాత్కాలిక ఫైలుగా రాసి, తరువాత పేరు మార్చి అసలు చోట పెట్టండి. నేరుగా అసలు ఫైలులోకి రాస్తూ పోతే, నడుమ స్క్రిప్టు ఆగితే సగం పట్టిక మిగులుతుంది. దాని తేదీ కొత్తది కాబట్టి బిల్డ్ అదే సరైనదనుకుంటుంది. మేక్ వాడేవారు డిలీట్ ఆన్ ఎర్రర్ అనే ప్రత్యేక లక్ష్యాన్ని కూడా మేక్‌ఫైలులో చేర్చుకోండి.

పాత పాఠం, కొత్త పాఠం ఒకటే అయితే రాయకుండా వదిలేయడం మంచి అలవాటు. హెడర్ తేదీ మారదు, దాన్ని వాడే వంద ఫైళ్లు మళ్లీ కంపైల్ కావు. కానీ మేక్‌తో దీనికి ఒక పేచీ ఉంది. ఫలితం ఇన్‌పుట్ కంటే పాతదిగానే ఉండిపోతుంది కనుక మేక్ ప్రతిసారీ జనరేటర్‌ను నడుపుతూనే ఉంటుంది. అందుకు వేరే ముద్ర ఫైలు ఒకటి పెట్టి, జనరేటర్ నడిచిన ప్రతిసారీ దాని తేదీ మార్చండి. మేక్ వంటిదే మరో పనిముట్టు అయిన నింజాలో ఈ పరిస్థితి కోసమే రీస్టాట్ అనే ఏర్పాటు ఉంది.

9. బిల్డ్‌కు జతచేయడం

సీమేక్‌లో యాడ్ కస్టమ్ కమాండ్ వాడాలి. అందులో మూడు విషయాలు సరిచూసుకోండి.

ఒకటి, ఆధారాల జాబితాలో డేటా ఫైలుతో పాటు జనరేటర్ స్క్రిప్టు కూడా ఉండాలి. పది ప్రాజెక్టుల్లో తొమ్మిదింట లోపం ఇదేనని నా అనుమానం. స్క్రిప్టు మార్చి బిల్డ్ కొడతారు, ఏమీ మారదు, "కాష్ సమస్య" అని అంతా చెరిపి మళ్లీ మొదలుపెడతారు. స్క్రిప్టు వాడే టెంప్లేటు, అది దిగుమతి చేసుకునే సొంత మాడ్యూళ్లు కూడా ఆధారాలే.

రెండు, ఫలితం బిల్డ్ ఫోల్డర్‌లోకి వెళ్లాలి. సోర్స్ ఫోల్డర్‌లోకి రాస్తే ఒకే సోర్స్ నుంచి డీబగ్, రిలీజ్ బిల్డ్‌లు పక్కపక్కన నడిచినప్పుడు ఒకదాని ఫైలును మరొకటి తొక్కుతుంది. (కమిట్ చేసే పద్ధతి ఎంచుకుంటే జనరేటర్‌ను మామూలు బిల్డ్‌లో పెట్టనే వద్దు, విడి ఆదేశంగా ఉంచండి.)

మూడు, తయారైన ఫైలు పేరు ఏదో ఒక టార్గెట్ (బిల్డ్ కట్టే ప్రోగ్రాము లేదా లైబ్రరీ) సోర్స్ జాబితాలో ఉండాలి, లేకపోతే ఆదేశం నడవదు. ఒకదానికొకటి సంబంధం లేని రెండు టార్గెట్లలో పెడితే సమాంతర బిల్డ్‌లో రెండూ ఒకేసారి అదే ఫైలు రాయబోతాయి. అప్పుడు ఒక కస్టమ్ టార్గెట్ కట్టి, రెండింటినీ దాని మీద ఆధారపడేలా చేయండి.

మేక్‌లోనూ ఇలాంటిదే ఉంది. ఒకే ఆదేశం హెడర్, సీ ఫైలు రెండూ పుట్టిస్తే, మామూలు నియమంలో ఆ రెండింటినీ రెండు వేర్వేరు పనులుగా చూసి, సమాంతర బిల్డ్‌లో మేక్ రెండుసార్లు నడపవచ్చు. గ్నూ మేక్ 4.3 నుంచి గుంపు లక్ష్యాలు ఉన్నాయి, కోలన్ ముందు ఆంపర్‌శాండ్ గుర్తు పెడితే చాలు.

మొబైల్ లేదా చిన్న బోర్డు కోసం క్రాస్ కంపైల్ చేసేవారికి ఒక మాట. జనరేటర్‌ను సీ++ లో రాస్తే, దాన్ని మీ యంత్రం కోసం ఒక కంపైలర్‌తో, మిగతా ప్రాజెక్టును మరో కంపైలర్‌తో కట్టాలి. పైథాన్ ఎంచుకోవడానికి సగం కారణం ఇదే.

10. సీఐలో కాపలా

ఫైళ్లను కమిట్ చేసే పద్ధతి అయితే ఇది తప్పదు. ప్రతి మార్పు మీదా సీఐ సర్వరు (మార్పులను తనంతట తాను బిల్డ్ చేసి పరీక్షించే యంత్రం) మూడు పనులు చేయాలి: శుభ్రమైన కాపీ తెచ్చుకోవడం, జనరేటర్ నడపడం, రిపాజిటరీలో తేడా వచ్చిందేమో చూడడం. వస్తే విఫలం.

చాలామంది గిట్ డిఫ్ ఆదేశంతో సరిపెడతారు. జనరేటర్ కొత్త ఫైలు పుట్టించి, దాన్ని ఎవరూ కమిట్ చేయకపోతే గిట్ డిఫ్‌కు అది కనిపించదు. గిట్ స్టేటస్‌ను పోర్సెలిన్ రూపంలో (స్క్రిప్టులు చదవడానికి వీలైన రూపంలో) అడిగి, జవాబు ఖాళీగా ఉందేమో చూడండి. కొత్త ఫైళ్లూ దొరుకుతాయి.

దీనికి తిరగబడిన సమస్య అనాథ ఫైళ్లు. ఇన్‌పుట్ నుంచి ఒక భాగం తీసేశారు, దాని తాలూకు పాత ఫైలు ఫోల్డర్‌లో అలాగే ఉండి కంపైల్ అవుతోంది. జనరేటర్ మొదట తన ఫోల్డర్‌లో, తన హెచ్చరిక వరుస ఉన్న ఫైళ్లను మాత్రమే గుర్తించాలి. ఈసారి రాయనివాటిని చెరిపేయాలి. హెచ్చరిక లేని ఫైలు కనిపిస్తే చెరపకుండా ఆగి అరవాలి.

ఫార్మాటర్‌ను (కోడ్ ఖాళీలు, వరుసలు సర్దే పనిముట్టును) జనరేటర్ చివరి మెట్టుగా నడిపేవారు దాని వెర్షన్‌ను కూడా బిగించండి. క్లాంగ్ ఫార్మాట్ రెండు వెర్షన్లు ఒకే కోడ్‌ను రెండు రకాలుగా సర్దగలవు, సీఐ ఊరికే ఎర్రబడుతుంది. నేనైతే తయారైన ఫోల్డర్‌ను ఫార్మాటర్ పరిధి నుంచే తప్పిస్తాను.

11. అర్థానికి పరీక్షలు

బైట్లు మారలేదని తెలిస్తే చాలదు, మొదటి నుంచే తప్పు కావచ్చు. జనరేటర్ లెక్కలను వాడుకోకుండా, చేత్తో రాసిన కొన్ని పరీక్షలు ఉండాలి:

- క హల్లు, అ అచ్చు, ి గుణింతపు గుర్తు, 0సీ4డీ పొల్లు, 0సీ66 అంకె
- 0సీ15 నుంచి 0సీ28 వరకు 20, 0సీ2ఏ నుంచి 0సీ39 వరకు 16, అన్నీ హల్లులే
- 0సీ0డీ ఇతరం
- 0బీఎఫ్ఎఫ్, 0సీ80 అడిగితే పట్టిక బయట అని జవాబు. రెండోది కన్నడ బ్లాకు మొదటి అక్షరం. పట్టిక సూచికలో ఒకటి తప్పితే ఇక్కడే దొరుకుతుంది
- పట్టిక పొడవు సరిగ్గా 128

12. తరచూ వచ్చే చిక్కులు, మందులు

*మెర్జ్ ఘర్షణ వచ్చింది.* తయారైన ఫైలును చేత్తో కలపవద్దు. ముందు ఇన్‌పుట్, స్క్రిప్టులలోని ఘర్షణలు తీర్చండి. తయారైన ఫైలుకు ఏదో ఒక వైపు తీసుకుని జనరేటర్ నడపండి, ఫలితాన్ని చేర్చండి.

*ఒక్క గడిని మాత్రం వేరేగా కావాలి.* ఫైలును తాకవద్దు, జనరేటర్‌లో షరతు దూర్చవద్దు. మినహాయింపుల కోసం చిన్న డేటా ఫైలు పెట్టి, ప్రతి వరుసకూ కారణం రాయండి. మినహాయించిన విలువ అసలు ఇన్‌పుట్‌లోనూ అదే అయిన రోజు జనరేటర్ హెచ్చరించాలి, లేకపోతే ఆ జాబితా పెరగడమే తప్ప తరగదు.

*మొదటి బిల్డ్ ఆగుతుంది, రెండోది నడుస్తుంది.* ఆధారం చెప్పలేదు. తొమ్మిదో భాగంలో మూడో విషయం చూడండి.

*కంపైలర్ తప్పు చూపిన వరుస ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.* పట్టికలో ప్రతి గడి పక్కన అక్షరం సంఖ్య, పేరు వ్యాఖ్యగా రాయించండి. యంత్రం రాసిన ఫైలే అయినా అర్ధరాత్రి చదివేది మనిషే.

13. కొత్త వెర్షన్‌కు మారే రోజు

ఇది ఈ వరుసలోనే చేయండి, మూడు మెట్లనూ ఒకే కమిట్‌లో కలపవద్దు.

1. కొత్త డేటా ఫైలును కొత్త వెర్షన్ ఫోల్డర్‌లో పెట్టి, అదొక్కటే కమిట్ చేయండి. అప్పటికి జనరేటర్ ఇంకా పాత ఫోల్డర్‌నే చదువుతూ ఉంటుంది.
2. స్క్రిప్టును కొత్త ఫోల్డర్ వైపు తిప్పి నడపండి. తెలియని జాతి అని ఆగితే, ఆ జాతిని మీ కోడ్ ఎలా చూడాలో తేల్చి చేర్చండి. తేడా చదవండి. యూనికోడ్ ఒకసారి ఇచ్చిన స్థానాన్ని వెనక్కి తీసుకోదు కాబట్టి, నిండిన గడి ఏదైనా "ఇతరం"గా మారితే ముందు మీ స్క్రిప్టునే అనుమానించండి.
3. పాత ఫోల్డర్‌ను తీసేయండి. సీఐ పచ్చబడ్డాక మెర్జ్ చేయండి.

13.0 నుంచి 14.0 కు మారినప్పుడు మన పట్టికలో తేడా రెండే వరుసలు: 0సీ3సీ, 0సీ5డీ. తేడా అంత చిన్నదిగా ఉంటే సమీక్షించేవారు నిమిషంలో చదివి సరే అనగలరు.